ఒక పొట్లం, నాలుగు చెట్లు

ఏటా వినాయక చవితి నాడు మన ఇళ్లలో ఒక చిన్న అబద్ధం చెబుతాం. “దశాంగం గుగ్గులోపేతం సుగంధం సుమనోహరమ్” అని శ్లోకం చదివి, “ధూపమాఘ్రాపయామి” అంటూ అగరువత్తి వెలిగిస్తాం. పది ద్రవ్యాలు కలిపి, గుగ్గులు చేర్చిన కమ్మని ధూపం ఇది, స్వీకరించు స్వామీ అని ఆ మాటలకు అర్థం. చేతిలో ఉన్నది మాత్రం వెదురు పుల్లకు పట్టించిన బొగ్గు పొడి, రంపపు పొట్టు, దాని మీద అద్దిన సెంటు. పోనీ ఈసారైనా మాట నిలబెట్టుకుందామని గుగ్గులు కోసం బజారుకు వెళితే చిక్కు ఇంకా పెరుగుతుంది.

పూజా సామగ్రి కొట్టులో గుగ్గులు అడిగితే గుగ్గిలం కడతారు. మూలికల అంగడిలో అదే మాటకు మైసాక్షి తీస్తారు. సాంబ్రాణి అంటే ఒకచోట గోధుమ రంగు గడ్డలు, ఇంకోచోట పసుపుపచ్చ పలుకులు, మరోచోట బొగ్గుతో చేసిన చిన్న కప్పులు ఇస్తారు. లోబాన్ అన్నా సాంబ్రాణే అంటారు. ఊదు అన్నా అదే చూపిస్తారు. ఇవన్నీ చాలవన్నట్టు కంప్యూటర్ సాంబ్రాణి అని ఒకటి వచ్చింది. నిప్పుల అవసరం లేకుండా తనంతట తానే కాలుతుంది కాబట్టి ఆ పేరు పెట్టారట. అనుభవమున్న దుకాణదారు ఈ గందరగోళాన్నంతా ఒక్క ప్రశ్నతో తేల్చేస్తాడు: “పూజకా, మందుకా?” ఈ విషయంలో అడగవలసిన ప్రశ్నల్లో సగం ఆ రెండు మాటల్లోనే ఉందని నా అభిప్రాయం.

మిగతా సగం ఏ చెట్టుది అన్నది. ఫోన్లలో తిరిగే ఒక సందేశం మీకూ వచ్చే ఉంటుంది. సాంబ్రాణి కీళ్ల నొప్పులు తగ్గిస్తుందని, కొలెస్ట్రాల్ కరిగిస్తుందని, గాలిలో క్రిములను చంపుతుందని, పసిబిడ్డకు దిష్టి తగలనీయదని అందులో రాస్తారు. ఒక్కొక్క మాట వెనకా ఒక పరిశోధనో, ఒక ఆనవాయితీయో ఉన్న మాట నిజమే. కానీ మొదటిది ఒక చెట్టు గురించి, రెండోది వేరే చెట్టు గురించి. మూడోది ఏ ఒక్క చెట్టు గురించీ కాదు. నాలుగోది నమ్మకం. పేరు ఒకటే కావడంతో నాలుగింటి ఘనతా ఒకే పొట్లంలో పడింది.

అగ్గి మీద ఏ గుగ్గిలం?

చెట్టుకు గాటు పడితే కారే జిగురు అంతా ఒకే రకం కాదు. తుమ్మబంక లాంటిది నీళ్లలో కరిగిపోతుంది, నిప్పు మీద వేస్తే పరిమళమేమీ రాదు. రెజిన్ అనేది నీళ్లకు లొంగదు, నూనెకో స్పిరిటుకో లొంగుతుంది, నిప్పు తగిలితే గుబాళిస్తుంది. కొన్ని చెట్ల జిగురులో రెండూ కలిసి ఉంటాయి. గాయమైన చోట పురుగు, బూజు లోపలికి చొరబడకుండా చెట్టు తనకు తాను వేసుకునే కట్టు ఇది. మనం పుండ్లకు వాడింది కూడా దాన్నే.

తెలుగువాళ్లకు బాగా దగ్గరి రెజిన్ గుగ్గిలం. ఒకడికి కోపం వస్తే అగ్గి మీద గుగ్గిలం అయ్యాడంటాం కదా, ఆ గుగ్గిలం సాల వృక్షానిది. ఉత్తరాంధ్ర మన్యం నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు వెళుతుంటే ఈ చెట్ల అడవులు కనిపిస్తాయి. వైద్యులు సర్జరసం అనేదీ, హిందీవాళ్లు రాల్ అనేదీ ఇదే. గాజు పెంకులా పెళుసుగా ఉండి, నలిపితే పొడి అవుతుంది. ఆ పొడిని గాలిలోకి చల్లి మంట చూపిస్తే ఒక్కసారిగా భగ్గుమంటుంది. వీధి నాటకాల్లో హిరణ్యకశిపుడు ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుప్పెడు చల్లేవారు. ఆ మంట చూసినవాళ్లకు నానుడిని వివరించనక్కరలేదు. ఇదే గుగ్గిలాన్ని నూనెలో కాచి పడవ చెక్కల సందుల్లో నీరు కారకుండా పట్టించేవారు. నువ్వుల నూనెలో కరిగించి, నీళ్లు పోస్తూ గిలకొట్టి, వెన్నలా తెల్లబడ్డాక పాదాల పగుళ్లకు రాసేవారు. పనివాడి గుణాలున్న వస్తువు ఇది.

శ్లోకంలోని గుగ్గులు వేరు. అది రాజస్థాన్, గుజరాత్, కచ్ ఎడారి నేలల్లోనూ సింధ్‌లోనూ పెరిగే ఒక ముళ్ల పొద. శాస్త్రనామం కామిఫోరా వైటై. యోగరాజ గుగ్గులు, త్రిఫలా గుగ్గులు, కైశోర గుగ్గులు అని ఆయుర్వేద మందుల షాపులో దొరికే మాత్రలన్నీ దీని జిగురుతో చేసినవి. గుగ్గులు, గుగ్గిలం అన్న మాటలు అన్నదమ్ముల్లా వినిపిస్తాయి, వస్తువులకు మాత్రం చుట్టరికం లేదు. మన అంగళ్లలో దీని పేరు మైసాక్షి, అంటే మహిషాక్షి: గేదె కన్నులా నల్లగా నిగనిగలాడేది. బోనాల్లో అమ్మవారి ముందు నిప్పుల మీద వేసే మైసాక్షి ఈ పేరుదే. 16వ శతాబ్దపు భావప్రకాశం గుగ్గులును ఐదు రకాలుగా విడదీసి, మహిషాక్షాన్ని ఏనుగులకు, మరో రకాన్ని గుర్రాలకు, బంగారు వన్నె రకాన్ని మనుషులకు ఇమ్మంది. మహిషాక్షం మనుషులకూ పనికొస్తుందని కొందరంటారనీ చేర్చింది. మన బజారు ఆ కొందరి మాటే విన్నట్టుంది.

మూడోది అందుగు. బాస్వెల్లియా సెరాటా అనే ఈ చెట్టు మన పొడి అడవుల్లోనే ఉంది. బెరడు కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంది. సంస్కృతంలో శల్లకి, దీని జిగురు కుందురు. అరేబియా, సోమాలియాల ప్రసిద్ధ ధూపద్రవ్యమూ ఈ కుటుంబంలోని చెట్లదే. విచిత్రమేమిటంటే, మన అడవిలో పుట్టిన ఈ చెట్టుకు పరంగి సాంబ్రాణి అని ఒక పేరుంది. సొంత ఊళ్లోనే పరదేశి అయింది పాపం.

ఇక అసలు సాంబ్రాణి, అదే నిజంగా పరదేశి. సుమత్రా దీవిలోని స్టైరాక్స్ చెట్ల నుంచి వస్తుంది. ఆ జాతిదే ఇంకో చెట్టు లావోస్, వియత్నాంలలో ఉంది, దాని జిగురుకు వెనిలా వాసన ఎక్కువ. ఈ చెట్టు ఊరికే జిగురు కార్చదు, గాటు పెట్టాలి. మంచి గడ్డను విరిచి చూస్తే గోధుమ రంగు ముద్దలో బాదం పలుకుల్లా తెల్లటి గింజలు పొదిగి ఉంటాయి. పచ్చిగా వాసన చూసినా తీయగా ఉంటుంది.

ఒకనాటి సాయంత్రం నాలుగింటినీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. గోరువెచ్చని నీళ్లలో వేస్తే గుగ్గిలం రాయిలా అడుగున కూర్చుంది, సాంబ్రాణీ అంతే. మైసాక్షి మాత్రం మెత్తబడి, కాసేపటికి నీళ్లు మజ్జిగ తేటలా మారాయి. అందుగు జిగురు కూడా కొంత పాలు విడిచింది. స్పిరిట్‌లో వేస్తే సాంబ్రాణి చాలావరకు కరిగి టీ రంగు తేలింది. చివరికి నిప్పు. గుగ్గిలం చిటపటలాడి నల్లని ఘాటు పొగ వదిలింది. మైసాక్షి బుడగలు కట్టి చేదు వాసన వేసింది. అందుగు దగ్గర నిమ్మ తొక్క, దేవదారు గుర్తొచ్చాయి. సాంబ్రాణి తెల్లని పొగ మొదట తీయగా తగిలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే గొంతు పట్టేసింది. ఆ పట్టేసే గుణం బెంజోయిక్ ఆమ్లానిది, దాని కథ తరవాత చెబుతాను. నా పరీక్షలో కొత్తదనమేమీ లేదు. నిప్పులో మండాలి, ఎండకు కరగాలి, వేడి నీళ్లలో పాలలా మారాలి, అదే మేలైన గుగ్గులు అని పాత వైద్యులు ఎప్పుడో రాసిపెట్టారు. కల్తీ బెడద వాళ్లకూ ఉండేదన్నమాట.

తమిళ శైవుల అరవై ముగ్గురు నాయనార్లలో ఒకరి ఇంటిపేరే గుగ్గిలం: కుంగిలియ కలయ నాయనార్. శివుడికి రోజూ ధూపం వేసి వేసి ఆస్తి కరగబెట్టుకున్నాడు. పిల్లలు ఆకలితో ఉంటే, బియ్యం తెమ్మని భార్య తన తాళి ఇచ్చింది. దారిలో ఒక వర్తకుడు గుగ్గిలం బస్తాతో ఎదురయ్యాడు. తాళి వర్తకుడి చేతికి, బస్తా గుడికి వెళ్లాయి. ఆ రాత్రి శివుడు వాళ్ల ఇల్లు ధాన్యంతో నింపాడని కథ. నాకు మాత్రం ఆ ఇల్లాలే గుర్తుంటుంది.

కనిపించని శత్రువు మీద కనిపించని ఆయుధం

మందు, మంత్రం రెండూ ఈ జిగురు దగ్గర ఎంతగా కలిసిపోయాయో తెలియాలంటే అథర్వవేదం 19వ కాండలోని 38వ సూక్తం చూడాలి. గుగ్గులు అనే ఔషధపు సుగంధం ఎవరిని చేరుతుందో అతన్ని యక్ష్మ అడ్డగించదు, శాపం అంటదు అని మొదలవుతుంది. యక్ష్మ అంటే రోగం. రోగమూ శాపమూ ఒకే వాక్యంలో, ఒకే మందుకు లొంగేవిగా వచ్చాయి. మనం ఇప్పుడు గీసే గీత ఆ ఋషికి లేదు. ఆ వెంటనే, అతని దగ్గర నుంచి రోగాలు లేళ్లలా, గుర్రాలలా చెల్లాచెదురవుతాయి అంటూ, నువ్వు సింధు నుంచి వచ్చిన దానివైనా, సముద్రం నుంచి వచ్చిన దానివైనా అని గుగ్గులును పలకరిస్తాడు. అంటే అప్పటికే రెండు సరుకులు ఒక పేరుతో బజారులో ఉన్నాయి! క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల మార్గదర్శి గ్రంథం కూడా సింధు ముఖద్వారంలోని బార్బరికం రేవు నుంచి గుగ్గులు ఎగుమతి అవుతున్నట్టు రాసింది.

సుశ్రుత సంహితలో ఇంకా ఇంటిపట్టు సంగతి ఉంది. సూత్రస్థానం 5వ అధ్యాయంలో శస్త్రచికిత్స అయ్యాక ఏం చేయాలో చెబుతూ, గుగ్గులు, అగరు, సర్జరసం, వస, తెల్ల ఆవాలు పొడి చేసి, ఉప్పు, వేపాకు కలిపి, నేతితో తడిపి పొగ వేయమంటాడు. ఎందుకంటే నెత్తురు, మాంసం కోరుతూ తిరిగే రాక్షసులు పుండు పడినవాడి దగ్గరకు వస్తారు, వాళ్లను తోలాలి. ఆ జాబితాను ఇంకోసారి చదవండి. ఆవాలు, ఉప్పు, వేపాకు, ధూపం. ఇంట్లో పసివాడు రాత్రంతా ఏడిస్తే అమ్మమ్మ పోపుల పెట్టె నుంచి తీసే సరుకు ఇంచుమించు ఇదే, పైన నాలుగు ఎండుమిరపకాయలు. మిరపకాయ మాత్రం పోర్చుగీసువాళ్ల తరవాత చేరింది, దిష్టి కూడా కాలంతో పాటు నడిచిందని అనుకోవాలి.

దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక, పూర్వీకులకు సూక్ష్మజీవులు తెలుసని పొంగిపోవడం ఇంకా తేలిక. రెండూ తప్పే అనిపిస్తుంది. పుండు కుళ్లుతుందని వాళ్లు చూశారు. ఎవరు కుళ్లబెడుతున్నారో కనిపించలేదు. కనిపించనివాడు గాలిలో వస్తాడు కాబట్టి, గాలిలో నిండి తలుపు సందుల్లోకీ దూరే ఆయుధం కావాలి. వాసన తప్ప అలాంటిది మరొకటి లేదు. “గాలి సోకింది” అన్న మన మాటలో ఆ ఊహ ఇప్పటికీ ఉంది. చెడు గాలి అన్న ఇటాలియన్ మాట నుంచే మలేరియాకు పేరు వచ్చింది.

ఈ ఆయుధానికి మతం కూడా లేదు. మన పట్టణాల్లో గురువారమో శుక్రవారమో ఒక ఫకీరు చేతిలో ధూపపు గిన్నెతో, నెమలి ఈకల కట్టతో బజారంతా తిరుగుతాడు. బట్టల కొట్టు, మిఠాయి కొట్టు, మంగలి దుకాణం, ప్రతి గడపలో రెండు విసుర్లు, గల్లాపెట్టె వైపు మరో విసురు. ఆ కొట్లలో సగానికి పైగా లోపల వేంకటేశ్వరుడి పటం ఉంటుంది. పీర్ల పండుగలో నిప్పుల మీద చల్లేదాన్ని ఊదు అంటారు. అరబ్బీలో ఊద్ అంటే కట్టె, వాడుకలో అగరు చెక్క. మన దగ్గరకు వచ్చేసరికి పేరు మిగిలి, చెక్క పోయి జిగురు చేరింది. అగరువత్తిని ఊదువత్తి అనడం కూడా ఆ దారినే వచ్చింది.

అరబ్బుల మాట, అచారు సీసా

పేరు మారిపోవడంలో సాంబ్రాణిని మించినది లేదు. అరబ్బు వర్తకులకు తమ సొంత ధూపద్రవ్యం లుబాన్. సుమత్రాను వాళ్లు జావా అనేవారు. అక్కడ దొరికిన కొత్త జిగురును లుబాన్ జావీ, జావా లుబాన్ అన్నారు. 14వ శతాబ్దంలో అటు వెళ్లిన ఇబ్న్ బతూతా దీన్ని ప్రస్తావించాడు. మన లోబాన్ ఆ లుబానే. ఐరోపావాళ్ల చెవికి మొదటి అక్షరం తమ భాషల్లోని ఒక ఉపపదంలా (ఇంగ్లీషు ‘ద’ లాంటిది) వినబడి దాన్ని వదిలేశారు. మిగిలిన బాన్‌జావీ కాస్తా బెంజాయిన్ అయింది. దాన్ని వేడి చేస్తే తెల్లని సూదుల్లా పేరుకునే పదార్థం బెంజోయిక్ ఆమ్లం. 1825లో మైకేల్ ఫారడే వేరుచేసిన ఒక ద్రవాన్ని 1833లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు మిట్‌షర్లిక్ ఈ ఆమ్లం నుంచి తయారుచేసి బెంజిన్ అన్నాడు. ఇంటర్మీడియట్‌లో మనల్ని వేధించిన ఆరు మూలల బెంజీన్ వలయం పేరులో సాంబ్రాణి పొగ ఉందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే రసాయనశాస్త్రం కాస్త రుచించేదేమో.

ఈ వ్యాపారంలో మనవాళ్లూ ఉన్నారు. సుమత్రా పడమటి తీరంలో కర్పూరానికీ సాంబ్రాణికీ పేరుపడ్డ బారుస్ రేవు దగ్గర, లోబు తువా అన్న చోట 1088 నాటి తమిళ శాసనం దొరికింది. దాన్ని వేయించింది ఐదువందల స్వాముల వర్తక శ్రేణి. అయ్యావళి పేరుతో తెలుగు నేల మీద శాసనాల్లోనూ కనిపించే శ్రేణి అదే.

సాంబ్రాణి మందుగా నిలబడింది కూడా ఈ ఆమ్లం వల్లే. తామరకు రాసే విట్‌ఫీల్డ్ మలాములో 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఇది ఒకప్పుడు చోటు సంపాదించింది. ఆసుపత్రిలో వెన్ను నుంచి నీరు తీశాక సూది గుచ్చిన చోట దూదితో అద్దే గోధుమ రంగు మందు టింక్చర్ బెంజాయిన్, అంటే స్పిరిట్‌లో కరిగించిన సాంబ్రాణి. నా బల్ల మీద తయారైన టీ రంగు నీళ్ల లాంటిదే. బజారు పచ్చడి సీసా మీద సోడియం బెంజోయేట్ అని రాసి ఉంటే అదీ ఈ ఆమ్లపు లవణమే. ఇప్పుడు దాన్ని చెట్ల నుంచి కాక పెట్రోలియం సరుకు నుంచి తయారుచేస్తున్నారు. ఇంత నిక్కచ్చిగా పనిచేసిన ఈ సాంబ్రాణి గురించి ఫోన్ సందేశంలో ఒక్క ముక్క ఉండదు. పొరుగు చెట్ల ఘనత మాత్రం దీనికి అంటగడతారు.

మోకాలికి పనికొచ్చేది పొగలో రాదు

కీళ్ల నొప్పుల ఘనత అందుగుది. దాని జిగురులోని బాస్వెల్లిక్ ఆమ్లాలు వాపును పెంచే 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయని 1990లలో జర్మనీలో జరిగిన పరిశోధనలు చూపించాయి. తరవాత మనుషుల మీద పరీక్షలు జరిగాయి. వాటిలో ఒకటి మన ఏలూరులోని వైద్య కళాశాలలో, విజయవాడలో తయారైన అందుగు సారంతో, మోకాళ్ల అరుగుదల ఉన్న 75 మంది మీద 90 రోజులు జరిగి 2008లో వెలువడింది. సారం వాడినవాళ్లకు నొప్పి తగ్గింది. ఆ పరిశోధకుల్లో సారం తయారుచేసిన సంస్థవారు ఉన్నారన్నది కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఇలాంటివాటిని కలిపి తూచిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2014 నాటి సమీక్ష, నొప్పిని 100 పాయింట్లుగా కొలిస్తే ఈ సారం ఉత్తుత్తి మాత్ర కన్నా సుమారు 17 పాయింట్లు ఎక్కువ తగ్గించిందని తేల్చింది. అద్భుతమేమీ కాదు కానీ, మూలికల లోకంలో ఇది మంచి మార్కే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బాస్వెల్లిక్ ఆమ్లాలు బరువైన అణువులు. అవి తేలిగ్గా ఆవిరి కావు, నిప్పు మీద చిట్లిపోతాయి. ముక్కుకు చేరే పరిమళం జిగురులోని తేలికైన నూనెలది. అంటే గుబాళించేది వేరు, నొప్పి తగ్గించేది వేరు. కీళ్ల నొప్పికి సాంబ్రాణి పొగ వేయడంలో రెండు తప్పులున్నాయి: చెట్టూ అది కాదు, దారీ అది కాదు.

కొలెస్ట్రాల్ మాట గుగ్గులుది. సుశ్రుతుడు మేదోరోగం, అంటే ఒంట్లో కొవ్వు పెరిగే జబ్బు గురించి రాసిన భాగం చదివి, దానికీ రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడానికీ పోలిక చూసి, 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్ల మీద గుగ్గులును పరీక్షించారు. పాత గ్రంథాన్ని నమ్మకంతోనో వెక్కిరింతతోనో కాక ఒక ప్రశ్నగా చదవడం ఎలాగో ఆ పని చూపిస్తుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఆ దారిన వెళ్లి గుగ్గులిపిడ్ అనే మందు తయారుచేసింది. దానికి 1980లలో మన దేశంలో అనుమతి వచ్చింది. ఇక్కడి పరీక్షల్లో కొలెస్ట్రాల్ తగ్గింది. 2003లో అమెరికాలో 103 మంది మీద 8 వారాలు జరిపిన పరీక్షలో మాత్రం చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గకపోగా 4 నుంచి 5 శాతం పెరిగింది, కొందరికి ఒంటి మీద దద్దుర్లు లేచాయి. రెండు చోట్ల తిండి వేరు, మనుషులు వేరు అన్న వాదన ఉంది. అది నిజమే కావచ్చు, అయినా కొలెస్ట్రాల్ కరిగిస్తుందని ఢంకా బజాయించడానికి ఈ ఆధారం సరిపోదు. పైగా ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ వంటి గుండె మందులు వంటికి పట్టడాన్ని గుగ్గులు తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వాడుతూ పక్కన ఇది మింగేవాళ్లు డాక్టరుకు ఆ మాట చెప్పాలి.

దద్దుర్ల సంగతి పాతవాళ్లకు తెలిసినట్టే ఉంది. వైద్యులు పచ్చి గుగ్గులు ఇవ్వరు. గుడ్డలో మూటకట్టి, త్రిఫల కషాయంలోనో పాలలోనో వేలాడదీసి, కరిగి దిగినదాన్ని మాత్రమే తీసుకుంటారు. శుద్ధి అన్న మాటకు అక్కడ అర్థం మడి కాదు, వడపోత.

పసిబిడ్డ, గంప కింద పొగ

క్రిముల మాటకు మూలం 2007లో లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం. మూసిన గదిలో గంటసేపు మామిడి కట్టెలు, హోమద్రవ్యాలు కాలిస్తే గాలిలోని బాక్టీరియా 94 శాతం తగ్గిందని అందులో ఉంది. అధ్యయనం నిజమే. కానీ అది సాంబ్రాణి మీద జరగలేదు, ఎన్నో మూలికల మిశ్రమం మీద జరిగింది. గది మూసి ఉంచి గంటసేపు పొగ వేశారు. గాలిలో బాక్టీరియా తగ్గితే ఇంట్లోవాళ్లకు జబ్బు తగ్గిందని అర్థం కాదు. పైగా అంత పొగలో బాక్టీరియా బతకలేకపోతే ఊపిరితిత్తులు సంతోషిస్తాయని ఎలా అనుకోవాలి?

తెలుగు ఇళ్లలో బాలింతకూ బిడ్డకూ స్నానం చేయించాక నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురు గంప బోర్లించి, దాని మీద జుట్టు పరిచి ఆరబెట్టేవారు. బిడ్డను ఆ పొగ మీద చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పేవారు. తల ఆరడానికి వేడి కావాలి, ఆ వేడి నిప్పులు ఇచ్చాయి. వాన కాలం, పెంకుటిల్లు, నాలుగు వైపులా గాలి. ఆ పద్ధతిలో ఒక లెక్క ఉంది. ఇప్పుడు అదే పని అద్దాల కిటికీలు బిగించిన ఫ్లాటులో, ఏసీ గదిలో, బొగ్గు కప్పులతో చేస్తున్నాం. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ఉన్న వాసనంతా సాంబ్రాణిదే. పుట్టిన బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, పెద్దవాళ్లు 12 నుంచి 20 సార్లు. ఒకే గదిలో ఒకే పొగ, బిడ్డ శరీరానికి మాత్రం భారం ఎక్కువ. పిల్లల డాక్టర్లు వద్దనడానికి కారణం ఇదే. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. అమ్మమ్మ మనసు నొప్పించలేమంటే ధూపం వరండాలో వేసి, ఆరిపోయాక బిడ్డను అటు తీసుకువెళ్లడం ఒక రాజీ మార్గం. మా ఇంట్లో జరిగింది అదే.

మరి ధూపం వేస్తే మనసు కుదుటపడటం అబద్ధమా? కాదు. అరేబియా రకం జిగురులోని ఇన్సెన్సోల్ ఎసిటేట్ ఎలుకల్లో బెదురు తగ్గించిందని 2008లో ఒక పరిశోధన చెప్పింది, అయితే దాన్ని వేరుచేసి, సూది మందుగా ఇచ్చారు. గుడిలో పీల్చే పొగతో అంత చేరుతుందని అనలేం. నాకైతే ఇంకా మామూలు కారణం చాలు. వాసనకూ జ్ఞాపకానికీ మెదడులో దగ్గరి దారి ఉంది. శుక్రవారం సాయంత్రం, తడి గడప, తల దువ్వుకుంటున్న అమ్మ. ఆ పొగ ముక్కుకు తగిలితే గుండె దడ తగ్గడానికి రసాయనం అక్కరలేదు.

చెట్ల వైపు నుంచి

గుగ్గులు పొద కాండానికి ఎక్కువ జిగురు కోసం లోతుగా గాట్లు పెట్టి, మందులు పూస్తారు. అలా పిండిన పొద తరచూ ఎండిపోతుంది. 2015 నాటికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే అంచున ఉన్న జాతుల్లో చేర్చింది. ఎరిత్రియాలో బాస్వెల్లియా చెట్ల మీద జరిగిన పరిశోధనలో, గాట్లు పడిన చెట్ల విత్తనాలు గాట్లు పడని వాటికన్నా చాలా తక్కువగా మొలకెత్తాయి. జిగురుకు ఖర్చైన శక్తి విత్తనానికి మిగలలేదన్నమాట.

మన వైపు కూడా ఒక చెట్టుంది. శేషాచలం కొండల్లో, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని బాస్వెల్లియా అది. వృక్షశాస్త్రం దాన్ని 1961లో గుర్తించి, కోలగా ఉండే ఆకుల వల్ల ఓవలిఫోలియోలాటా అని పేరు పెట్టింది. కొండ మీది జనం దాన్ని కొండ సాంబ్రాణి అంటారు. రాళ్ల సందుల్లో, ఎండ మాడ్చే వాలుల మీద నిలుస్తుంది. దాని విత్తనాలు మామూలుగానే సరిగా మొలకెత్తవు. ఇంకా దాని పేరు మీద మాత్రలు రాలేదు, ఫోన్ సందేశాలూ రాలేదు.